లోతు తవ్విన దొరువు

ప్రశ్న అడిగినవాడికి పని చెప్పడం దైవసహాయం అయ్యగారికి అలవాటు. పరలోకంలో మనవాళ్ళు మనల్ని గుర్తుపడతారా అని అడిగిన ఒక పెద్దమనిషి చేత గుడి వెనక ముళ్ళకంప అంతా కొట్టించారనీ, దేవుడు అందరినీ ఎందుకు రక్షించడు అని వాదానికి దిగిన ఒక చదువుకున్న కుర్రాడు చాన్నాళ్ళు ఆయన గేదెను కడిగాడనీ తాటిరేవుపాలెంలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. మరి జవాబు దొరికిందా అని అడిగితే ఆ పెద్దమనిషి మాత్రం నవ్వేవాడు కాదట. దొరికింది అనేవాడట.

అందుకని ఉపదేశి ఫిలేమోను ఆయన దగ్గరికి ప్రశ్న పట్టుకుని బయల్దేరినప్పుడు, ఏదో ఒక పని నెత్తిన పడుతుందని తెలిసే బయల్దేరాడు.

ఫిలేమోను పల్నాటి మెట్ట మనిషి. గొంతు మంచిది, చదువు మంచిది, ఏ పని పట్టినా రెండు చేతులా పడతాడు. కాస్త నిదానం తక్కువ. తాటిరేవుపాలెం గుడికి ఉపదేశిగా వచ్చి ఏడాది దాటింది. పిల్లలకు పాఠం చెప్పడం, జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ప్రార్థన చెయ్యడం, పాదిరిగారు రాని ఆదివారాల్లో వాక్యం చెప్పడం అతని పని. దైవసహాయం అయ్యగారు ఆ గుడికే పాదిరిగా ఉండి, వయసుమీరి సేవ విరమించుకుని, ఊరి చివర తోటలో కాపురం ఉంటున్నారు. రోజూ పొద్దున్నే ఫిలేమోను ఆయన దగ్గరికి వెళ్ళి వాక్యం చెప్పించుకునేవాడు. ఉపదేశికి గురువంటూ ఉంటే ఆయనే.

ఆ రోజు అయ్యగారు మల్లెపాదుల్లో కలుపు తీస్తున్నారు. ఫిలేమోను చేతులు కట్టుకుని నిలబడి అడిగాడు.

“అయ్యగారండీ, జయశీలన్న ప్రకటించేది యేసు నామాన్నే. మనమూ ఆ నామాన్నే ప్రకటిస్తున్నాం. ఆయన చదివేది మనం చదివే వాక్యమే. ఆయన ప్రార్థన చేస్తే జనం ఏడుస్తన్నారు, తాగుడు మానేస్తన్నారు. మన గుళ్ళో నిద్రపోతన్నారు. సత్యబోధేదో, దుర్బోధేదో మనిషన్నవాడు ఎట్టా తెలుసుకోవాలండీ?”

“నిద్రపోయే మాట నిజమే” అన్నారు అయ్యగారు. తరవాత చాలాసేపు కలుపు తీస్తూనే ఉన్నారు.

ఫిలేమోను ఊరికే తెలివికోసం అడిగిన ప్రశ్న కాదది. ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమదినాలు అప్పుడే మొదలయ్యాయి. జయశీలన్న అనే బోధకుడు ఎక్కణ్ణించో వచ్చి, ఊరి బయట పందిరి వేయించి, రోజూ సాయంత్రం కూటాలు పెడుతున్నాడు. మీరు ఇన్నేళ్ళూ పైపైన తిరిగారు, నేను మిమ్మల్ని లోతుకు తీసుకుపోతాను అనేది ఆయన మాట. ఆ లోతుల్లో ఒకటి ఏమిటంటే, నిజంగా నమ్మినవాడికి మందుతో పనిలేదు. మంచి శుక్రవారం ఆరాధన అయ్యాక, జబ్బులున్నవాళ్ళంతా తమ మందులు మూటగట్టి తెచ్చి సముద్రంలో వదిలెయ్యాలి. వదిలినవాడిది విశ్వాసం. దాచుకున్నవాడిది అవిశ్వాసం.

ఫిలేమోను భార్య దీవెనమ్మకు చిన్నప్పట్నుంచీ మూర్ఛజబ్బు. ఆమె ఆ ఊరి ఆడపిల్లే. పెళ్ళి కాకముందు ఒకసారి వంట చేస్తూ చేస్తూ పొయ్యి మీద పడి, ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది. ఆ మచ్చ ఇంకా ఉంది. తరవాత డాక్టరు ఇచ్చిన మాత్రలు రోజూ వేసుకోబట్టి ఆ మూర్ఛ మళ్ళీ రాలేదు. ఇప్పుడు ఆమె చంకలో పాలు మరవని పిల్లవాడున్నాడు. మాత్రలు సముద్రంలో వెయ్యాలా, వద్దా అన్నది ఫిలేమోను చెప్పాలి. అతను ఇంట్లో ఆ మాట ఎత్తినప్పుడు దీవెనమ్మ, “మీరెట్టా అంటే అట్టానండీ” అని పొయ్యి వైపు తిరిగింది. అది విశ్వాసమనుకుని ఫిలేమోను పొంగిపోయాడు. పొంగు తగ్గాక భయమేసింది. ఆ భయమే అతన్ని గురువు దగ్గరికి తెచ్చింది.

కలుపు అయ్యాక అయ్యగారు నడుం పట్టుకుని లేచారు. “నేను రేపు గుంటూరు పోతన్నా నాయనా. మా అమ్మాయి వాళ్ళు కంట్లో శుక్లం తీయిస్తామంటన్నారు. మట్టలాదివారం నాటికి వస్తా. అందాకా తోటకి నీళ్ళు పెట్టు.”

“నా ప్రశ్నండీ?”

“తోటకి నీళ్ళు పెట్టు. ఎన్ని ఊరితే అన్నే పొయ్యి. తొందరపడమాకు.”

ఆ తోట సంగతి కొంచెం చెప్పాలి. ఈస్టరు తెల్లవారుజామున ఊరంతా సమాధుల తోటకు వెళ్ళి, తమవాళ్ళ సమాధుల మీద పూలు పరిచి పాటలు పాడుతుంది. ఉన్నవాళ్ళు దండలు కొనుక్కొస్తారు. లేనివాళ్ళకూ, ఎవరూ మిగలని సమాధులకూ అయ్యగారి తోట పూలే. ఏ సమాధీ ఆ రోజు వట్టిగా ఉండకూడదని ఆయన పట్టుదల. మల్లెలూ కనకాంబరాలూ ఆయన ఏడాది పొడుగునా సాకేది ఆ ఒక్క పొద్దు కోసమే.

ఆ తోటకు నీళ్ళు దొరువులోవి. సముద్రపు ఒడ్డు ఇసక నేలల్లో బావులు తవ్వరు, దొరువులు తీస్తారు. దొరువంటే పళ్ళెంలాగా వెడల్పుగా, మనిషి నడుములోతు మించకుండా తీసిన గుంట. అంచు మీద నుంచి నడుచుకుంటూ దిగి, రెండు చేతుల్లో రెండు కుండలు ముంచుకుని, ఎక్కి వచ్చి మొక్కలకు చల్లుతారు. వానకు కురిసిన నీరు ఇసకలో పైపైనే నిలిచి ఉంటుంది. ఆ పైనీటితోనే అక్కడి తోటలన్నీ బతుకుతాయి. ఎండలు ముదిరితే నీళ్ళు తగ్గుతాయి, ఊరడానికి పొద్దు పడుతుంది. ఒడ్డు జనం కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ, ఊరినకాడికి పోస్తారు.

ఫిలేమోనుకు కూర్చోవడం చాతకాదు. కొన్నాళ్ళు బుద్ధిగానే పోశాడు. ఎండ పెరిగి, కుండ నిండడానికి కూడా దొరువు దగ్గర పడిగాపులు పడాల్సి వచ్చేసరికి ఓపిక పోయింది. అవతల మొక్కలు వాలిపోతున్నాయి. గురువు అప్పగించిన తోట తన చేతిలో ఎండిపోతుందేమోనని దిగులు పట్టుకుంది. వాళ్ళ పల్నాట్లో నీళ్ళు తగ్గితే ఎవడూ కూర్చుని చూడడు. బావిలోకి దిగి ఇంకా తవ్వుతారు. తవ్వినకొద్దీ జల పడుతుంది, పడినకొద్దీ తియ్యగా ఉంటుంది. ఒకరోజు పొద్దున్నే పార తీసుకుని దొరువులోకి దిగాడు.

దీవెనమ్మ అంబలి తెచ్చి, పిల్లవాణ్ణి చంకనేసుకుని గట్టు మీద నిలబడింది. “అంత లోతెందుకండీ?” అంది.

“లోతుకి పోకపోతే ఊట ఎక్కడ తగిలిద్ది? కూటంలో రోజూ వింటన్నావు గదా” అన్నాడు ఫిలేమోను, ఇసక ఎత్తిపోస్తూనే.

ఆమె ఇంకేదో అనబోయి, అంబలి గిన్నె గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. పక్క తోటలవాళ్ళు ఎవరైనా చూసినా ఓ మాట చెప్పేవాళ్ళే. కానీ వాళ్ళంతా ఉపవాసాల్లో ఉండి, చీకటితోనే నీళ్ళు పెట్టుకుని ఇళ్ళకు పోతున్నారు.

నీళ్ళు పడ్డాయి. మామూలుగా పడడం కాదు, ఎంత ముంచినా తరగనన్ని పడ్డాయి. ఫిలేమోను దోసిట్లో తీసుకుని తాగి చూశాడు. పాత నీళ్ళు చప్పగా ఉండేవి, ఇవి నాలిక్కి రుచిగా తగిలాయి. ఇసకలో మోకాళ్ళూని దేవుడికి స్తోత్రం చెప్పాడు. ఆ స్తోత్రంలో అబద్ధం ఏమీ లేదు. రెండు పూటలా కుండలకు కుండలు మోసి పోశాడు. దాహంతో వాలిన మొక్కలు తలలెత్తాయి, మల్లెలు చిగుళ్ళు వేశాయి. అతనికి గుండె నిండిపోయింది. ఆ సాయంత్రం కూటంలో లేచి, విశ్వాసంతో లోతుకు వెళితే దేవుడు ఎలా ఇస్తాడో సాక్ష్యం చెప్పాడు. జయశీలన్న వేదిక దిగివచ్చి అతన్ని కౌగిలించుకున్నాడు. మందుల విషయంలో అతనికి ఉన్న కాస్త బెరుకూ ఆ కౌగిలితో పోయింది. ఇంటికి వెళ్ళి, “శుక్రవారం వదిలేద్దాం” అని దీవెనమ్మతో చెప్పేశాడు. ఆమె తల ఊపింది.

అయ్యగారు ఈస్టరుకు ముందొచ్చే మట్టలాదివారానికి ముందురోజు మధ్యాహ్నం ఆటో దిగారు. కళ్ళకు నల్లద్దాలు. వంగకూడదు, బరువు ఎత్తకూడదు, ఎండలో తిరగకూడదు అని డాక్టరు చెప్పాడట. ఇంట్లోకి కూడా పోకుండా ఎండలోనే తోటలోకి నడిచారు. కంటితో సరిగా చూడలేక, చెయ్యి చాచి కనకాంబరం ఆకొకటి అందుకుని అంచు పట్టి నలిపారు. అది అప్పడంలాగా పొడై రాలింది. ఇంకో మొక్క దగ్గర ఇంకో ఆకు నలిపారు. అదీ అంతే.

ఫిలేమోను ఆ అంచులు కొన్నాళ్ళుగా చూస్తూనే ఉన్నాడు. ఎండదెబ్బ అనుకుని ఇంకో రెండు కుండలు ఎక్కువ పోస్తున్నాడు.

“దొరువు తవ్వావా?” అన్నారు అయ్యగారు.

“తవ్వానండీ. నీళ్ళు బాగా పడినయ్. తాగి కూడా చూశా, మంచి నీళ్ళేనండీ.”

“నీళ్ళని తాగి చూశావు. మరి తాగే ఆకుని చూశావా?”

అప్పుడు చెప్పారు. పైన ఉన్నది వాననీరు. దాని కింద ఉన్నదంతా సముద్రం. పైనీరు పలచగా, కింది నీటి మీద మీగడలాగా తేలుతూ ఉంటుంది. నిదానంగా తీసుకున్నవాడికి ఆ మీగడ ఏడాదంతా వస్తుంది. ఆత్రపడి తవ్వినవాడికి అడుగున ఉన్న ఉప్పు ఎక్కివస్తుంది. మొదట్లో నాలిక్కి తెలియదు. మొక్క వేళ్ళకు తెలుస్తుంది. అవి నోరున్నవి కావు కాబట్టి ఆకు అంచుల మీద చెబుతాయి.

ఫిలేమోను పాదుల వైపు చూశాడు. మొదళ్ళ చుట్టూ ఇసక మీద తెల్లటి పొర కట్టి ఉంది. అన్నాళ్ళూ తను ఉప్పు మోసి మోసి పోశాడు. ఈస్టరు వారం దూరంలో ఉంది. ఎవరూ లేని సమాధులన్నీ ఒక్కసారిగా అతని కళ్ళముందు కనపడ్డాయి. అంత మనిషీ గట్టు మీద కూలబడి ఏడ్చాడు. అయ్యగారు అతని పక్కనే కూర్చుని, ఏడుపు అయ్యేదాకా భుజం మీద చెయ్యి వేసి ఉంచారు. తిట్టి ఉంటే బాగుండేదని ఫిలేమోను తరవాత చాలామందితో అన్నాడు. ఆ చెయ్యి బరువును మాత్రం బతికినంతకాలం దేవుడిచ్చిన మేలుగా చెప్పుకున్నాడు.

“ఇసక మళ్ళీ పూడ్చు. పాతలోతుకే ఉంచు. అందాకా పక్క దొరువులో నీళ్ళు ముంచుకో, నేను వాళ్ళతో చెబుతా. కొన్ని పోతయ్, చాలావరకు తేరుకుంటయ్.” తరవాత అయ్యగారు అడిగారు. “జయశీలన్న పోయినేడు శ్రమదినాల్లో ఏ ఊళ్ళో ఉన్నాడు?”

“రాళ్ళదిబ్బలో అన్నారండీ.”

“అట్టాగా. అక్కడ రాహేలమ్మని ఉంది. మంచి కనకాంబరం నారు పోస్తది. పోయి తీసుకురా.”

శ్రమల వారంలో బుధవారం నాడు ఫిలేమోను బస్సెక్కి రాళ్ళదిబ్బ వెళ్ళాడు. రాహేలమ్మ అరవై దాటిన మనిషి, విధవరాలు. ఇంటి పక్కనే నారుమడి. దైవసహాయం అయ్యగారు పంపారనగానే ముఖం విప్పారింది. నులకమంచం వాల్చి, మజ్జిగ ఇచ్చింది. ఫిలేమోను మాటల మధ్య జయశీలన్న పేరు ఎత్తాడు. పోయినేడు ఇక్కడ కూటాలు జరిగాయట కదా అన్నాడు.

“జరిగినయ్ బాబూ, గొప్పగా జరిగినయ్. నాకు షుగరు పోయింది. నేను సాక్ష్యం చెప్పా. సంఘమంతా లేచి స్తోత్రం చేశారు.” చిన్నపిల్ల పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. ముఖంలో ఇందాకటి వెలుగు లేదు.

నారు తీయడానికి లేచినప్పుడు ఆమె చీర కుచ్చెళ్ళు మంచం కోడుకు తగులుకుని పక్కకు జరిగాయి. కుడిపాదానికి పాతగుడ్డ చుట్టి ఉంది. గుడ్డ తడిసి ఉంది. వాసన కూడా వచ్చింది. ఆమె గబుక్కున కుచ్చెళ్ళు లాక్కుంది.

“ఎవురికీ చెప్పమాకు బాబూ” అంది, నేల చూస్తూ. “సాక్ష్యం చెప్పిందాన్ని. మళ్ళీ ఆసుపత్రి మెట్లెక్కితే నా విశ్వాసం చాల్లేదంటారు. చాలకపోయే ఉంటది. లేకపోతే కాలు ఇట్టా ఎందుకయ్యిద్ది?”

“దేవుడికన్నా చెప్పుకున్నావా పెద్దమ్మా?”

“ఎట్టా చెప్పుకునేది? బాగైపోయిందని ఆయన ఎదుటే చెప్పిందాన్ని. ఇప్పుడు పోయి కాలు నొప్పంటే చిన్నబుచ్చుకోడూ?”

ఫిలేమోను ఆమె ముఖం వంక చూశాడు. ఏడాదిగా ఈ ముసలితల్లి నొప్పి పడుతూ, ఆ నొప్పి దేవుడికి తెలియకుండా దాచుకుంటోంది. ఇంత దుఃఖం అతను ఎన్నడూ చూడలేదు. జవాబుగా చెప్పడానికి అతనికి వాక్యాలు చాలా వచ్చు. ఒక్కటీ చెప్పబుద్ధి కాలేదు. వెళ్ళి ఆటో పిలుచుకొచ్చాడు.

“గుడి ముందు నుంచి పోనీయమాకు బాబూ” అని రాహేలమ్మ బతిమాలింది. ఇంకో దారి లేదు. గుడి ముందు వెళుతున్నప్పుడు ఆమె ముసుగు దించుకుంటుంటే, ఫిలేమోను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ గుడ్డ విప్పి చూసి, ఇంకా ఆలస్యమైతే పాదం దక్కేది కాదు, ఇప్పుడు దక్కుతుంది అంది. ఆ మాట విన్నాక రాహేలమ్మ మంచం మీద లేచి కూర్చుని, చుట్టూ ఎవరున్నారో కూడా చూడకుండా, “తండ్రీ, నాకు కాలు నొప్పిగా ఉంది” అని పెద్దగా ప్రార్థన మొదలుపెట్టింది. ఆ ప్రార్థన చాలాసేపు సాగింది. ఏడాది పాటు దాచుకున్నదంతా చెప్పుకోవాలి కదా. పక్కన నిలబడ్డ ఫిలేమోను కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

ఆమె కూతురికి కబురు చేసి, వచ్చేదాకా ఉండి, మర్నాడు వట్టి చేతులతో తోటకు చేరాడు.

“నారు ఏదీ?” అన్నారు అయ్యగారు.

“మర్చిపోయానండీ.”

“మంచిది” అన్నారు ఆయన.

శుక్రవారం పొద్దున దీవెనమ్మ తెల్లచీర కట్టుకుని గుడికి తయారైంది. మాత్రలన్నీ చేతిరుమాలులో మూటగట్టి గుమ్మం పక్కన చిలక్కొయ్యకు తగిలించింది. ఫిలేమోను ఆ మూట దించి, ముడి విప్పి, ఒక మాత్ర తీశాడు. కుండలో నీళ్ళు ముంచుకొచ్చి, గ్లాసు ఆమె చేతికిచ్చాడు.

“వేసుకో.”

దీవెనమ్మ మాత్ర వేసుకుంది. వేసుకుని, ఉన్నచోటే గోడకు ఆనుకుని కిందకి జారి కూర్చుంది. “నాకు మొదటి రోజు నుంచీ భయమేనండీ” అంది. “పిల్లాడు నా చేతిలో ఉండంగా పడితే ఎట్టా అని. నిద్రే పట్టట్లా.”

“మరి నాతో చెప్పలేదే?”

“చెబితే అవిశ్వాసం అంటారని. మీరు వినే మనిషే. ఈ నెలరోజులే మీతో చెప్పుకోవడానికి లేకుండా పోయింది. దొరువు దగ్గరా చెబుదామనే వచ్చా. ఒడ్డున పుట్టిందాన్ని, ఆ మాత్రం నాకు తెలవదా? నోరు రాలా.”

రాహేలమ్మ నొప్పిని దేవుడి దగ్గర దాచినట్టే, తన భార్య భయాన్ని తన దగ్గర దాచిందని ఫిలేమోనుకు అప్పుడు తెలిసింది. సిగ్గుతో ముందు తల వాలిపోయింది. కాసేపటికి ఆ సిగ్గు కిందనుంచి వేరే ఒకటి ఊరింది. ఆమె ఇంకా ఉంది. చెయ్యి మళ్ళీ కాలలేదు, పిల్లవాడు జారిపడలేదు, మాత్రలు సముద్రం పాలు కాలేదు. ఇవాళ నోరు విప్పి చెబుతోంది, తను వింటున్నాడు. ఈ మేలు తను సంపాదించుకున్నది కాదు. అంత కృతజ్ఞత అతనికి ఏ కూటంలోనూ కలగలేదు. పిల్లవాణ్ణి ఒళ్ళోకి తీసుకుని ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఇద్దరూ ప్రార్థన చేసుకున్నారు. అందులో ఎక్కువగా దీవెనమ్మే మాట్లాడింది.

సాయంత్రం ఒడ్డు దగ్గరికి అతనూ వెళ్ళాడు. జనం మూటలతో నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు నిలబడి, మా ఇంట్లో మాత్ర వేసుకున్నాం, దేవుడు దాన్ని చూసి కోపగించడు, జబ్బు జబ్బని ఆయనకు చెప్పుకోండి అని మాత్రం చెప్పాడు. రాహేలమ్మ పేరు ఎత్తలేదు. అంతటితో పక్కకు తప్పుకున్నాడు. జయశీలన్న కోప్పడలేదు. “నీ విశ్వాసం ఇంతేనా తమ్ముడూ” అన్నాడు బాధగా. కొందరు మూటలు విసిరారు. చాలామంది కొంగుల్లో దాచుకుని ఇంటిదారి పట్టారు. వాళ్ళలో ఒక ముసలాయన ఫిలేమోను పక్కనుంచి పోతూ, అతని రెండు చేతులూ గట్టిగా నొక్కి వెళ్ళాడు.

ఆ ఈస్టరుకు అయ్యగారి తోటలో పూలు సగం కూడా రాలేదు. కానీ ముందురోజు సాయంత్రం రాళ్ళదిబ్బ నుంచి బస్సు మీద బుట్టెడు కనకాంబరాలు దిగాయి. రాహేలమ్మ కూతురు పంపింది. దీవెనమ్మా, ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ కూర్చుని పలచగా, పొదుపుగా మాలలు కట్టారు. ఏ సమాధీ వట్టిగా మిగల్లేదు. అయ్యగారు నల్లద్దాలతోనే సమాధుల మధ్య నడుస్తూ, వంగలేక, ఒక్కొక్క రాయినీ చేతికర్రతో తాకి పూలున్నాయో లేదో పక్కవాళ్ళను అడిగి తెలుసుకుని, ప్రతిచోటా “స్తోత్రం” అన్నారు.

తరవాత రోజుల్లో ఒక ఉదయం ఫిలేమోను పాఠానికి వెళ్ళాడు. మల్లెపాదుల్లో కొత్త ఆకు వస్తోంది. అంచులు మెత్తగా ఉన్నాయి. మనసులో ఉన్నది ఆపుకోలేక అడిగేశాడు.

“జయశీలన్న మోసగాడేనా అండీ?”

“నువ్వు నా మొక్కల్ని చంపుదామనే తవ్వావా?”

“అయ్యో, లేదండీ. బతికిద్దామనే.”

“మరి ఆయన కోసం రోజూ ప్రార్థన చెయ్యి. ఆయన దొరువు దగ్గర కూడా ఎవరో ఒకరు నిలబడి చెప్పాల.”

ఫిలేమోను వంగి ఒక కొత్త ఆకు అంచును వేలితో తడిమాడు. తరవాత, ఆ ఏడాదంతా తనకు వచ్చిన ప్రశ్నల్లో అదే పెద్దదన్నట్టు, మెల్లిగా అడిగాడు.

“అయ్యగారండీ, ఆయన సంగతి సరే. రేపు ఆదివారం నేను వాక్యం చెప్పాల. నేను చెప్పేది సత్యమో కాదో నాకెట్టా తెలుస్తదండీ?”

పని చెబుతారేమోనని కుండల వైపు చూశాడు. అయ్యగారు ఈసారి ఏ పనీ చెప్పలేదు. కంట్లో మందు వేసుకుని, తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకునే అన్నారు.

“నన్నడగమాకు నాయనా. ఇంటికి పోయి దీవెనమ్మనడుగు.”